రెండో హాజరు

హెడ్మాస్టరు హనుమంతరావుగారు సంతకం కోసం ముందుకు జరిపిన కాగితాన్ని అలాగే వదిలేసి, పెన్నుకి క్యాపు పెట్టి, దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని సిల్వియా ఆఫీసుగది దాటి వచ్చేసింది. పోయిన వారం మనం ఆమెను వదిలింది అక్కడే. ఆ పెన్ను తనది కాదనీ, హెడ్మాస్టరుగారిదేననీ ఆమెకు సాయంత్రం పాసింజరు భీమడోలు దాటాక గాని తెలియలేదు. తెలిశాక నవ్వు ఆగలేదు. ఎదుటి సీటులో ఉల్లిపాయల సంచి ఒళ్లో పెట్టుకున్న ముసలావిడ కాసేపు చూసి, "కొత్తగా పెళ్లయిందా అమ్మా?" అని అడిగింది.

అయింది. ఇంకా రెండు నెలలు నిండలేదు. కాపురం తాడేపల్లిగూడెంలో, ఉద్యోగం ఏలూరులో. రోజూ పొద్దున్నే జీవన్ స్కూటరు మీద స్టేషనుకి తీసుకొస్తాడు. బండి పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి తన కర్చీఫ్ విసిరి ఆమెకు సీటు ఆపుతాడు. బ్యాంకులో కౌంటరు ముందు ఎవరేమన్నా తల వంచుకుని పని చేసుకునే మనిషి, ఈ ఒక్క పనిలో మాత్రం ఎవరికీ లొంగడు. ఆ కర్చీఫ్‌లో ఏదో ఒకటి కట్టి ఉంటుంది. ఒకరోజు జామకాయ ముక్కలు, ఒకరోజు వేయించిన బఠాణీలు. దెందులూరు దాకా ముడి విప్పకూడదని సిల్వియా తనకు తానే నియమం పెట్టుకుంది. ఆ నియమం ఒక్కరోజూ పుల్ల స్టేషను దాటలేదు. ముడి ఎప్పుడూ అంతకుముందే విడిపోయేది.

ఆమె సంతకం పెట్టని కాగితంలో ఉన్నది ఒకే సంగతి. పదో తరగతి ఎఫ్ సెక్షన్లో కొల్లేటి లంకల నుంచి వచ్చే ఏడుగురు పిల్లలకు హాజరు చాలలేదు, ఈ ఏడు పబ్లిక్ పరీక్షకు పంపడం లేదు అని. క్లాసు టీచరుగా సిల్వియా సంతకం పడితే వాళ్ల చదువు అక్కడితో ఆగుతుంది. పైయేడు మళ్లీ వస్తారని చెప్పుకోవడమే తప్ప, అలా ఆగినవాళ్లు తిరిగిరారు. దారిలో రొయ్యల షెడ్లు ఉన్నాయి. తలలు ఒలిచే పనికి పిల్లల వేళ్లయితే బాగుంటుందని షెడ్లవాళ్లు వెతుక్కుని మరీ పిలుస్తారు.

నిజానికి ఆ పిల్లలు రోజూ బడికి వస్తూనే ఉన్నారు.

ఏలూరులో కాలవగట్టు మునిసిపల్ హైస్కూలంటే చిన్న సంగతి కాదు. మూడు వేల మంది పిల్లలు, ఎనభై గదులు, ప్రార్థన గంట కొడితే కాలవకి అవతలి గట్టున చాకళ్లు బట్టలుతకడం ఆపి వినేంత బడి. దానికి ఈ 2006తో నూరేళ్లు నిండుతున్నాయి. ఆ నూరేళ్లలోనూ అక్కడ రోజుకి రెండుసార్లు హాజరు పిలిచేవారు. గంట కొట్టగానే ఒకసారి. మొదటి పీరియడు అయ్యాక, కొల్లేటి దోనెలు రేవులో ఆగిన తర్వాత, ఇంకోసారి. క్లాసు టీచరు గుమ్మంలో నిలబడి, "దోనె దిగినవాళ్లూ" అని పిలిస్తే, తడి కాళ్లతో వచ్చిన పిల్లలు "వచ్చామండీ" అనేవారు. ఆ మాట అన్నవాడికి లేటు లేదు. గంటకే వచ్చినవాడితో సమానం. తర్వాత దోనెలు పోయి బస్సు వచ్చింది. పిలుపు మాత్రం అదే పిలుపు.

ఈ జూన్‌లో దాన్ని ఆపేశారు. శతవార్షికోత్సవం చేస్తున్న బడికి క్రమశిక్షణ కనిపించాలని గంటకే గేటు మూసి, హాజరు అంతటితో ముగించేయమన్నారు. సరిగ్గా ఆ వేసవిలోనే కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పిల్లలు బస్సు దాకా నడిచే దారులు ఆ గట్లే. గట్లు పోయాక మళ్లీ దోనె ఎక్కవలసి వచ్చింది, దోనె దిగేసరికి మొదటి బస్సు వెళ్లిపోతోంది. మొదట కొన్నాళ్లు వాళ్లకి గేటు తీయలేదు, తర్వాత రెండో పీరియడుకి తీయడం మొదలుపెట్టారు. అలా వచ్చి సాయంత్రం దాకా కూర్చుని పాఠాలు వింటున్న పిల్లలు రిజిస్టరులో మాత్రం రానట్టే ఉన్నారు. ఆగస్టులో ఉద్యోగంలో చేరిన సిల్వియాకి ఇది అర్థమవడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే ఆమె ఇక్కడ చదివిన రోజుల్లో ఇలాంటిది జరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మేది కాదు.

ఇక శనివారం సంగతి.

ఆ మధ్యాహ్నం పూర్వ విద్యార్థుల సంఘం వాళ్లు బడి హాల్లో సమావేశమయ్యారు. హాలు గోడల మీద వాళ్లలో పేరు తెచ్చుకున్నవాళ్ల ఫొటోలు. హైకోర్టు జడ్జి, ఓడ కెప్టెను, రేడియోలో వార్తలు చదివినావిడ. మధ్యలో కాస్త పెద్ద ఫ్రేములో గుండె ఆపరేషన్ల డాక్టరు నాగేశ్వరరావుగారు. ఎనిమిదో తరగతిలో ఉండగా శుక్రవారాలు ఆ అద్దాలు తుడిచే వంతు సిల్వియాది. డాక్టరుగారి అద్దం మీద ఆవిరి ఊది, తన ముఖం అందులో కనిపించేదాకా తుడిచేది. ఏనాటికైనా ఆ పక్కన తన ఫొటో ఉంటుందని అనుకునేది. ఈమధ్య ఆ సంగతి జీవన్‌తో చెబితే, మన ఇంట్లో టీవీ పైన మేకు ఖాళీగానే ఉంది, అర్జెంటుగా కావాలంటే అక్కడ పెట్టిస్తానన్నాడు.

ఆ డాక్టరుగారే ఇవాళ ఎదురుగా, వేదిక మీద, తెల్ల చొక్కాలో కూర్చున్నారు. మాట్లాడమంటే లేచి, చిన్న గొంతుతో, "నేను గొప్పవాణ్ణేం కాదండి. ఈ బడిలో చదివినన్నాళ్లూ ఒక్కరోజు కూడా లేటవలేదు. నాకొచ్చిందల్లా దాన్నుంచే వచ్చింది. ఇప్పటి పిల్లలకి నేను చెప్పేదీ అదే," అన్నారు. హాలంతా చప్పట్లు. సిల్వియా కూడా కొట్టింది.

తర్వాత సంఘం అధ్యక్షుడు ఆంజనేయప్రసాద్‌గారు లేచారు. మెయిన్ బజారులో మూడు తరాల బట్టల కొట్టు ఆయనది, ఆయనా ఈ బడి పిల్లవాడే. అందరికీ కాజాలూ మిక్స్చరూ పెట్టించి, ప్లేట్లు అందరికీ అందాయో లేదో స్వయంగా చూసి, అప్పుడు మైకు పట్టుకున్నారు. నూరేళ్ల బడికి ఈ ఏడు నూటికి నూరు శాతం ఫలితం రావాలన్నారు. ఎఫ్ సెక్షన్లో ఒక చిన్న అడ్డంకి ఉందనీ, హెడ్మాస్టరుగారు దాన్ని సర్దేస్తున్నారనీ చెప్పారు.

సిల్వియా లేచింది. ఒక చేతిలో కాజా ప్లేటు అలాగే ఉంది. పక్కన కూర్చున్న తెలుగు టీచరు రూతమ్మగారు ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగి, ఇంకా పారాణి ఆరలేదు, ఊరందరి నోళ్లలో పడతావు, కూర్చోమని గొణిగింది. ఆవిడ సిల్వియాకి ఒకప్పటి క్లాసు టీచరు. కొంగు విడిపించుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"ఆ చిన్న అడ్డంకి ఏంటో కూడా చెప్పండి. పెద్దవాళ్లంతా ఉన్నారు కదండీ," అంది సిల్వియా.

హనుమంతరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఇంక ఆమే చెప్పింది. ఏడుగురి సంగతీ, గట్ల సంగతీ, ఆపేసిన పిలుపు సంగతీ. ఆంజనేయప్రసాద్‌గారు మధ్యలో అడ్డురాలేదు. అంతా విని, మైకు పక్కన పెట్టి, ఇంట్లో పిల్లకి చెప్పినట్టు చెప్పారు. చుట్టూ పెద్ద పెద్ద ప్రైవేటు స్కూళ్లు లేచాయి, ఫలితాలు చూసి గాని ఎవరూ పిల్లల్ని వేయడం లేదు, ఈ ఏడు కూడా పేపర్లో మన పేరు లేకపోతే ఇంకో అయిదేళ్లకి ఈ గదులు గోడౌన్లవుతాయి. ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావని సిల్వియాకి తెలుసు.

"ఈ బడి బతకాలా వద్దా, నువ్వే చెప్పమ్మా."

"బతకాలండి. కానీ దోనె మునిగిపోతుందని పిల్లల్ని నీళ్లలోకి దించేస్తే, ఒడ్డుకి చేరేది ఉత్త దోనేనండి."

వెనకనుంచి ఎవరో నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. ఆంజనేయప్రసాద్‌గారి ముఖం ఎర్రబడింది.

"లేటు లేటే కదమ్మా. డాక్టరుగారన్నది విన్నావుగా. ఈ గోడ మీదున్నవాళ్లు ఒక్కరైనా లేటుగా వచ్చినవాళ్లా?"

సిల్వియా గోడ వైపు చూసింది. తర్వాత ప్లేటు కుర్చీలో పెట్టి, గుమ్మం దగ్గరికి నడిచింది. ఒకప్పుడు రూతమ్మగారు నిలబడినట్టే, ఎడమచెయ్యి తలుపు మీద వేసి, గొంతు కాస్త సాగదీసి పిలిచింది.

"దోనె దిగినవాళ్లూ..."

హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ కాసేపట్లో సిల్వియాకి తన వేళ్లకంటిన కాజా పాకం కూడా తెలుస్తోంది. ఎవరూ పలకకపోతే ఎలా తిరిగి కుర్చీ దాకా నడవాలో ఆలోచిస్తోంది.

"వచ్చానండీ."

డాక్టరు నాగేశ్వరరావుగారు చేతిలో టీ కప్పుతో సగం లేచి ఉన్నారు. తానే పలికినట్టు ఆయనకే ఇంకా తెలియలేదు. అందరూ తనవైపు ఎందుకు చూస్తున్నారా అని చూశారు. అంతలో కుడివైపు నుంచి ఓడ కెప్టెనుగారి బొంగురు గొంతు, ఆడవాళ్ల వరసలోంచి మరో సన్నని గొంతు, "వచ్చామండీ" అన్నాయి.

డాక్టరుగారు అంతకుముందు అబద్ధం చెప్పలేదు. ఒక్కరోజు కూడా లేటవలేదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. రోజూ రెండోసారి పిలిచి, రోజూ గంటకే వచ్చినవాడిగా రాసి, ఆ బడి ఆయనకి తాను లేటుగా వచ్చిన పిల్లవాణ్ణన్న సంగతే తెలియనివ్వలేదు.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. అప్పుడు చాలా మంచి మాటే అన్నారు. ఆ ఏడుగురిలో చురుకైనవాళ్లు ఎవరో చెప్పమన్నారు. ఇద్దరైనా ముగ్గురైనా సరే, వాళ్లను పరీక్షకు పంపే ఏర్పాటు చేయించి, పై చదువులన్నీ తానే చూసుకుంటానన్నారు. హాలు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. ఆంజనేయప్రసాద్‌గారు ముందుగా చప్పట్లు కొట్టారు. రూతమ్మగారు కూడా, ఇంక చాలు, ఒప్పుకో అన్నట్టు తలూపింది.

సిల్వియాకి రత్నకుమారి గుర్తొచ్చింది. మూడో బెంచీలో గోడవైపు కూర్చునే పిల్ల. లెక్కల్లో ఎప్పుడూ నలభై దాటదు. ఇంగ్లీషు పద్యం అప్పజెప్పమంటే మొదటి రెండు పాదాలూ చెప్పి, మూడోదాని దగ్గర నవ్వేస్తుంది. కానీ తెల్లవారకముందే లేచి, మిగతా ఆరుగుర్నీ దోనెలో కూర్చోబెట్టి గెడ వేసుకుంటూ ఒడ్డుకి తెచ్చేది ఆ పిల్లే.

"అలాంటివాళ్లు ఎవరూ లేరండి," అంది.

"ఒక్కళ్లయినా లేరా?" అని ఆశ్చర్యపోయారు డాక్టరుగారు.

"మీలాగా అయ్యేవాళ్లు లేరండి. నలభై తెచ్చుకుంటారు, కొందరు ముప్పై అయిదు. పాసవుతారు, ఇళ్లకెళ్తారు. వాళ్ల కోసం ఈ గోడకి మేకు కొట్టక్కర్లేదండి, బెంచీ మీద చోటుంటే చాలు. ఆ రోజుల్లో మిమ్మల్ని రెండోసారి పిలిచింది, మీరు పెద్ద డాక్టరవుతారనా అండీ? వచ్చారు కాబట్టి పిలిచారు. వీళ్లూ వస్తున్నారండి. ఏడుగురూ వస్తున్నారు. ఏడుగురినీ పంపాలి."

తన ఫొటో అద్దంలో పదేళ్ల కిందట ముఖం చూసుకున్న పిల్ల ఇలా అంటుందని ఆయనకి తెలిసే వీల్లేదు. ఆయన గోడ మీది తన ఫొటో వైపు ఒకసారి చూసి, కండువా తీసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయారు. కారు స్టార్టయిన చప్పుడు హాల్లోకి వినిపించింది.

హనుమంతరావుగారు అప్పుడు గాని నోరు తెరవలేదు. ఉత్సవానికి ముఖ్య అతిథిని ఇలా పంపించేసిన ఘనత ఈ నూరేళ్లలో ఇంకెవరికీ లేదన్నారు. సోమవారం నుంచి ఎఫ్ సెక్షన్ ఆమెది కాదన్నారు. రిజిస్టరు ఇచ్చేసి వెళ్లమన్నారు.

సిల్వియా రిజిస్టరు బల్ల మీద పెట్టింది. దాని మీద పెన్ను పెట్టింది. "ఇదీ మీదేనండి. మొన్న పొరపాటున పట్టుకెళ్లాను."

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం స్టేషను బయట మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడి జీవన్ అంతా విన్నాడు. కారం నషాళానికెక్కి ఆమె కళ్ల నీళ్లు పెట్టుకుంటే, అది బజ్జీ వల్లేనా అని రెండుసార్లు అడిగాడు. సోమవారం ఏం చేస్తావన్నాడు.

"పిలుస్తానండీ."

"రిజిస్టరు లేదుగా."

"గొంతుందిగా."

జీవన్ వేళ్లు కాగితానికి తుడుచుకుని, పెళ్లికి కూడా వాడకుండా మిగుల్చుకున్న సెలవొకటి తన దగ్గర ఉందనీ, దాన్ని ఎక్కడ వాడాలో ఇప్పటిదాకా తెలియలేదనీ చెప్పాడు.

సోమవారం వాళ్లిద్దరూ కలిసే వచ్చారు. ఎఫ్ సెక్షన్ గుమ్మంలో ఇంకో మాస్టారు నిలబడి, ఆమెను చూసి తల దించుకున్నాడు. సిల్వియా ఆయన్ను ఇబ్బంది పెట్టలేదు. స్టాఫురూముకి కూడా వెళ్లలేదు. మొదటి పీరియడు గంట కొట్టగానే తిన్నగా గేటు బయటికి వచ్చి, కాలవ వంతెన పక్కన బస్సు ఆగేచోట నిలబడింది. మేడ మీది వరండాల నిండా పిల్లల తలలు. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో, మూడు వేల మంది బడిలో ఆ పూట పాఠం చెప్పిన గది ఒక్కటీ లేదు.

కొల్లేటి బస్సు వచ్చి ఆగింది.

సిల్వియా బస్సు తలుపు మీద ఎడమచెయ్యి వేసి పిలిచింది. "దోనె దిగినవాళ్లూ..."

"వచ్చామండీ."

మొదట రత్నకుమారి దిగింది. లంగా అంచు మోకాళ్ల దాకా తడిసి ఉంది. జూన్ తర్వాత తనను ఎవరో పిలవడం అదే మొదటిసారి, అందుకే దిగి పక్కకి జరగకుండా టీచరు ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది. వెనకున్నవాళ్లు తోస్తే గాని కదల్లేదు. ఒక్కొక్కరే, ఏడుగురూ దిగారు. మేడ మీంచి ఎవరో మొదలుపెట్టారు. వరండాలన్నీ అందుకున్నాయి. "వచ్చామండీ" అన్న మాట కాలవ దాటి అవతలి గట్టుకి పోయింది.

ఆ గోలలో చివరగా ఇంకొకరు దిగారు. తెల్ల చొక్కా, మడిచిన ప్యాంటు, చేతిలో చెప్పులు, కాళ్లకి బురద. డాక్టరు నాగేశ్వరరావుగారు.

శనివారం వెళ్లినవారు హైదరాబాదులోని తన ఇంటికి వెళ్లలేదు. నలభై ఏళ్లుగా తొక్కని తన సొంత లంకకి వెళ్లారు. ఇవాళ పొద్దున్న రత్నకుమారి దోనెలోనే, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని వచ్చారు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, తర్వాత రత్నకుమారి చెప్పింది. ఆయన మాత్రం సిల్వియా దగ్గరికి వచ్చి, పిల్లల్ని మళ్లీ ఒకసారి చూసుకుని, నెమ్మదిగా అడిగారు.

"ఏడుగురన్నావు కదమ్మా. దోనె ఎక్కిన పిల్లలు ఎనిమిది మంది."

సిల్వియాకి అర్థం కాలేదు. రత్నకుమారి తల దించుకుంది. గోరుతో పుస్తకాల సంచి అంచు గిల్లుతూ చెప్పింది. క్యాథరిన్ అండి. జూన్‌లో గేటు దగ్గర మూడు రోజులు తిప్పి పంపేశారండి. మీరు రాకముందే రిజిస్టరులో పేరు కొట్టేశారండి. ఇంట్లో చెబితే కొడతారని రోజూ యూనిఫారం వేసుకుని మాతోనే బయల్దేరుతుందండి. దారిలో రొయ్యల షెడ్డు దగ్గర దిగిపోతుందండి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుందండి.

"నా పక్కనే కూర్చుంది," అన్నారు డాక్టరుగారు. "నేనెవరో తెలియదు. ఎక్కడికి తాతగారూ అంటే, కాలవగట్టు బడికి అన్నాను. దిగేముందు ఒక మాట అడిగింది. ఆ బడిలో ఇంకా పిలుస్తున్నారాండీ, అని."

ఆయన చెప్పులు కింద వేసి కాళ్లకి తొడుక్కున్నారు.

బస్సు తిరిగి కొల్లేటి వైపు ముఖం పెట్టింది. కండక్టరు రైట్ రైట్ అంటున్నాడు. అప్పుడే గేటులోంచి హనుమంతరావుగారు వస్తున్నారు. చేతిలో ఒక కవరు, వెనకాల ఆంజనేయప్రసాద్‌గారు. ఈ క్షణం బడిలోకి రాకపోతే ఇంక రానక్కర్లేదని హెడ్మాస్టరుగారు దూరంనుంచే అరుస్తున్నారు.

సిల్వియా బస్సు వైపు చూసింది. మూడో కిటికీలోంచి, ఆమెకు బాగా తెలిసిన నీలం గళ్ల కర్చీఫ్ ఒకటి లోపలికి ఎగిరిపోయి సీటు మీద పడింది. ఆ వెనకే జీవన్ మెట్టెక్కుతున్నాడు.

ఆమె ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగింది.

"హెడ్మాస్టరుగారండీ, నేను వచ్చేసరికి లేటవుతుందండి. రెండో హాజరులో పిలవండి. ఎనిమిదో పిల్లతో వచ్చి పలుకుతాను."